అంచులు కొయ్యని పుస్తకం

"అంచులు మాత్రం కొయ్యకండి," అని చెప్పి, పుస్తకం బల్లమీద పెట్టి, బైండరు భార్య పోస్టాఫీసుకి వెళ్ళిపోయింది.

ముప్ఫై ఒక్క ఏళ్ళ క్రితం కూడా ఆమె ఇదే పుస్తకం ఇదే బల్లమీద పెట్టి ఇదే మాట అంది. అప్పటికింకా భార్య కాదు. కుట్టూడిన నవల గుండెలకి ఆనించుకుని దుకాణం మెట్లెక్కిన ఒక అమ్మాయి, అంతే.

పుస్తకం కుట్టాక మూడు వైపులా అంచులు కోసి నున్నగా చెయ్యడం బైండర్లందరి రివాజు. అంచు కొయ్యని పుస్తకం తల దువ్వుకోకుండా పెళ్ళికొచ్చిన మనిషిలా ఉంటుందని మనవాడి నమ్మకం. తన చేతుల మీదుగా పోయిన వేల పుస్తకాల్లో కొయ్యకుండా వదిలింది ఆ ఒక్కటే. ఎందుకని అడగలేదు. ఆ పిల్ల అడిగింది, ఇతను సరేనన్నాడు. ఆ 'సరే' దగ్గరే తమ కథ మొదలైందని ఇన్నేళ్ళూ లోలోపల మురిసిపోతూ వచ్చాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆమెకి కూడా చెప్పలేదు. చెప్పడం చేతనైతే బైండరెందుకవుతాడు?

అంత మురిపెమూ పోయిన బుధవారం నాడు ఒక్క దెబ్బతో గంగలో కలిసింది.

ఆ రోజు దుకాణానికి మఫ్లరొచ్చాడు. ఆయన ఒకప్పటి పని కాలేజీలో పాఠాలు చెప్పడం. పేరు కూడా ఉంది కాని, ఉక్కపోతలో సైతం మెడకి మఫ్లరు చుట్టుకునే మనిషిని పేరుతో తలుచుకోవడం బైండరు వల్ల కాలేదు. కాలేజీలో చేరిన కొత్తలో సాయంత్రాలు లైబ్రరీ చూసుకునేవాడట. తరవాత ఊళ్ళు తిరిగి, రిటైరై, మళ్ళీ ఇక్కడికే చేరాడు. చేరినవాడు ఊరుకోకుండా లైబ్రరీలో సభ పెట్టాడు. పాత సభ్యులంతా ఎప్పుడో చదివి, ఈనాటికీ నలుగురికి చదవమని చెప్పదగ్గ పుస్తకం తలా ఒకటి పట్టుకొచ్చి, ఆదివారం పొద్దున దాని గురించి మాట్లాడాలి. ఆహ్వానం కార్డు బల్లమీద పెడుతూ అన్నాడు.

"మీ ఆవిడ తప్పకుండా రావాలండీ. ఆ రేవు నవల ఇంకా ఆవిడ దగ్గరుందా?"

"ఏ నవల?"

"నేనిచ్చిందేనండీ. అప్పట్లో." అని నవ్వి, మఫ్లరు సర్దుకుని వెళ్ళాడు.

బైండరు చేతిలో జిగురు కుంచె ఆగిపోయింది. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా తన ఇంట్లో, తన మంచం పక్క అలమరలో, తను కుట్టిన అట్టలో పడుకుని ఉన్నది ఆ మఫ్లరు పుస్తకమా!

అసలే అతనికి ఆ విషయంలో ఒక పాత దుగ్ధ ఉంది. భార్య అందరికీ పుస్తకాలు చెబుతుంది. ఆమె పనిచేసే పోస్టాఫీసు కౌంటరు దగ్గరికి పార్శిలు పంపడానికొచ్చినవాడు రశీదుతో పాటు ఒక నవల పేరు కూడా పట్టుకెళ్ళాల్సిందే. పక్కింటి దర్జీకి చెబుతుంది, ఆడపడుచుకి చెబుతుంది, పళ్ళు పీకించుకోవడానికి వెళ్ళి డాక్టరుకి చెప్పింది. "పదేళ్ళ కిందట చదివానండీ, మొన్న మళ్ళీ చదివాను, ఏమీ తగ్గలేదు, చదవండి," అంటుంది. ఊరందరికీ చెప్పే మనిషి కట్టుకున్నవాడికి ఒక్క పుస్తకం పేరు కూడా చెప్పదు. చెబితే చదువుతాడా అంటే, చదవడు. అది వేరే సంగతి. చెప్పాలా వద్దా?

ఈ సోమవారం, ఆదివారం సభకని కొత్త అట్ట వెయ్యమని పుస్తకం ఇచ్చి భార్య పోస్టాఫీసుకి వెళ్ళగానే బైండరు చివికిన పాత అట్ట విప్పాడు. వీపు మీది జిగురు గీకి, కుట్టు తెంపాడు. కుట్టు తనదే. ఇరవై ఏడేళ్ళ వయసులో వేసిన కుట్టు, ఒక్క ముడి కూడా జారలేదు. అంత కోపంలోనూ ఆ పనితనానికి ముచ్చటేసింది. ఫారాలు, అంటే మడిచి కుట్టిన కాగితాల కట్టలు, విడదీసి, వరసలో ఉన్నాయో లేదో చూడటానికి మొదటి ఫారం తెరిచాడు.

బైండరు పుస్తకాన్ని చూసే చూపు వేరు. పేజీ నంబరు చూస్తాడు, మడత చూస్తాడు, చిరుగు చూస్తాడు. అక్షరాలు అతనికి గోడమీది సున్నంలాంటివి, ఉన్నాయంటే ఉన్నాయి. కానీ ఆ రోజు కళ్ళు మార్జిన్లమీదికి పోయాయి. రెండు వేళ్ళ వెడల్పు తెల్లటి మార్జిన్. దాని నిండా పెన్సిలు రాతలు.

'ఎంత గొప్ప వాక్యం!' అని నిటారుగా, తీర్చిదిద్దిన రాత. 'మీకేమనిపించింది ఇక్కడ?' అని మళ్ళీ అదే రాత. దాని కింద గుండ్రటి రాత, 'నాకూ అలాగే అనిపించింది.'

గుండ్రటి రాత ఎవరిదో చెప్పక్కర్లేదు. సరుకుల చీటీల మీద రోజూ చూసే రాతే.

బైండరు రెండో ఫారం తెరవలేదు. తెరవాల్సిన పనేముంది? అంతా తేటతెల్లమైపోయింది. అంచులు కొయ్యొద్దన్నది అందుకన్నమాట. తనెవరో ఏమిటో ఆ పిల్లకి తెలియనే తెలియదు. ఆ మఫ్లరు రాతలు పోకుండా కాపాడుకుంది. తను బుద్ధిమంతుడిలా సరేనని, ఆయన ప్రేమలేఖల కట్టని చక్కగా కుట్టి, అట్టవేసి, పైన బంగారు అక్షరాలు అద్ది ఇచ్చాడు! ముప్ఫై ఒక్క ఏళ్ళు మురిసిపోయింది ఇందుకా? బైండరు ఒళ్ళు భగ్గున మండిపోయింది.

మధ్యాహ్నం భార్య భోజనానికొచ్చింది. దుకాణం వెనకే ఇల్లు. కంచం ముందు కూర్చుని అతను మెల్లగా కదిపాడు.

"ఆ నవల్లో అంత ఏముందట?"

"చదివితే తెలుస్తుంది," అందామె.

"ఊళ్ళో అందరికీ చెబుతావు కదా, నాకూ చెప్పొచ్చుగా!"

"చెప్పాను. పెళ్ళైన కొత్తలో ఇదే పుస్తకం తెచ్చి చేతిలో పెట్టాను. 'లోపలిది నాకెందుకు, అట్ట చూస్తే చాలు' అన్నారు. ఇంక మళ్ళీ చెప్పలేదు."

అన్నాడేమో. గుర్తులేదు. గుర్తులేని తప్పుకి తలవంచే అలవాటు మనవాడికి లేదు.

"ఎవరిచ్చారది?"

"మాస్టారిచ్చారు, లైబ్రరీలో ఉండేవారే. మంచి చదువరి ఆయన. కొంచెం మజ్జిగ పొయ్యనా?"

మజ్జిగ పొయ్యనా అన్న గొంతుతోనే మాస్టారి పేరెత్తింది. తడబడలేదు, కళ్ళు దించలేదు. తడబడి ఉంటే నాలుగు తిట్టి ఊరుకునేవాడేమో. ఆ నిబ్బరం చూసి ఇంకా ఉడికిపోయాడు. ఇన్నేళ్ళు తన పక్కన కూర్చుని, ఇంత ప్రశాంతంగా మజ్జిగ పోసిందా ఈ మనిషి!

మంగళవారం ఫారాలన్నీ మళ్ళీ కుట్టాడు. జిగురు ఆరాక పుస్తకాన్ని కటింగ్ మిషను కిందికి తోశాడు. రెండు వేళ్ళ మార్జిన్‌ని కొలత బద్దతో కొలిచాడు. కొలుస్తున్నప్పుడే తనేం చేస్తున్నాడో బాగా తెలుసు. పొరపాటున చెయ్యి జారిందని రేపు చెప్పుకోవచ్చని కూడా అనుకున్నాడు. బిగింపు తిప్పాడు. పిడి లాగాడు. కత్తి ఒక్కసారి 'కరక్'మని దిగింది.

అచ్చు పోలేదు. కథలో ఒక్క అక్షరం పోలేదు. మార్జిన్ మాత్రం పేలికలు పేలికలుగా కింద పడింది. రాతలన్నీ దానిమీదే ఉన్నాయి.

పడ్డవాటిని కాలితో తోసి, పొద్దుటి నుంచీ కోసిన స్కూలు రిజిస్టర్ల చెత్త ఉన్న గోనెసంచిలో కుక్కాడు. ఒక్క క్షణం హాయిగా అనిపించింది. పన్ను పీకాక ఉండే హాయి. ఆ తరవాత చేతికేదో అంటుకుని ఉందని చూసుకున్నాడు. మణికట్టు దగ్గరి జిగురుకి ఒక కాగితం పేలిక అతుక్కుని వేలాడుతోంది. పెన్సిలు కాదు, ఆకుపచ్చ సిరా. గుండ్రటి రాత.

'మా ఆయన అచ్చం ఇలాగే. కోపం వస్తే మనుషులతో మాట్లాడడు, పనిముట్లతో మాట్లాడతాడు.'

బైండరు ఆ పేలికని రెండోసారి చదివాడు.

క్షణం కిందటే మిషను పిడి మీద చెయ్యివేసి, "నీకేం తెలుసే" అని దాన్ని కసురుకున్నాడు, చెయ్యి ఇంకా దానిమీదే ఉంది. గబుక్కున చెయ్యి తీసేశాడు.

గోనెసంచి నేలమీద బోర్లించాడు. రిజిస్టర్ల తెల్లపేలికలు, నవల పసుపు పేలికలు కలగాపులగంగా గుట్టపడ్డాయి. చతికిలబడి ఏరడం మొదలెట్టాడు. పెన్సిలు ఉంది, నీలి సిరా ఉంది, ఆకుపచ్చ ఉంది. పెన్సిల్లో ఇద్దరి రాతలు. సిరాల్లో ఆమె ఒక్కదానివే, తరవాతెప్పుడో మళ్ళీ చదివినప్పుడు రాసుకున్నవి. మొత్తం నూట డెబ్భై పైచిలుకు పేలికలు. ఏ పేలిక ఏ పేజీదో దేనిమీదా రాసి లేదు. పేజీ నంబర్లు మధ్యలో అడుగున ఉన్నాయి, అవి పుస్తకంతోనే ఉండిపోయాయి.

'ఇక్కడ అప్పుడు ఏడ్చాను. ఇప్పుడు వీడు ఇంత మాట్లాడకపోతే బాగుండు అనిపించింది,' అని నీలి సిరా. ఏడ్చింది ఎక్కడ? ఎక్కువ మాట్లాడినవాడు ఎవడు? కథ తెలియకుండా ఆ పేలికని ఏ పేజీకి అతికిస్తాడు?

అలా, నలభై ఏళ్ళుగా పుస్తకాల మధ్య బతుకుతూ ఒక్కటీ చదవని మనిషి, చేసిన నిర్వాకానికి వేరే దారిలేక, బుధవారం పొద్దున దుకాణం తలుపు ఓరగా వేసుకుని మొదటి పేజీ తెరిచాడు.

కథ ఒక పడవల రేవులో జరుగుతుంది. ఉత్తరాలు రాసిపెట్టే ఒక కుర్రాడున్నాడు, అందగాడు, మాటకారి. పేజీకో ఉపన్యాసమిస్తాడు. రేవు యజమాని కూతురు వాణ్ణి ప్రేమిస్తుంది. మఫ్లరు గీతలన్నీ వాడి మాటల కిందే. బైండరుకి వాణ్ణి చూస్తేనే చిర్రెత్తుకొచ్చింది. వీడికి కూడా మెడలో మఫ్లరు ఉండే ఉంటుంది, రచయిత రాయడం మరిచిపోయుంటాడు అనుకున్నాడు. ఆ రేవులోనే పడవల చిల్లులు పూడ్చే మేస్త్రి ఒకడున్నాడు. వాడు అప్పుడప్పుడూ వచ్చి పోతుంటాడు. మూతి ముడుచుకుని తారు కాచుకుంటుంటాడు. వాడి దగ్గర పెన్సిలు రాత ఒక్కటీ లేదు. కుర్రకారులో వాడెవడికి కావాలి?

నీలి సిరా మేస్త్రి దగ్గర మొదటిసారి ఆగింది. 'ఈయన్ని అప్పుడు చూడనేలేదు.' ఆకుపచ్చ సిరా వాడు కనబడ్డ ప్రతిచోటా ఉంది. అంతా పొగడ్తలేననుకుంటే పొరపాటు. 'మూతి చూడు,' అని ఒకచోట. 'ఒక్క మాటంటే సరిపోయేదానికి మూడు రోజులు తారు కాచాడు, ఇంట్లోనూ ఇదే భాగవతం,' అని ఇంకోచోట. బైండరు అది చదివి ఎవరూ లేని దుకాణంలో ముఖం మాడ్చుకున్నాడు. ముఖం మాడ్చుకున్నానని తెలిసి ఇంకా మాడ్చుకున్నాడు.

ఈర్ష్య మాత్రం పోలేదు. పోయిందంటే అబద్ధమవుతుంది. రంగులు మార్చుకుందంతే. 'నాకూ అలాగే అనిపించింది,' అని పెన్సిలుతో ఆమె రాసిన ప్రతిచోటా జిగురు కుంచె కాస్త గట్టిగా అద్దేవాడు. పందొమ్మిదేళ్ళ ఆ పిల్లకి ఏమనిపించిందో అడిగినవాడు మఫ్లరు. తనెప్పుడైనా అడిగాడా? ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఒక్కసారి, ఏ పుస్తకం గురించైనా? ఆయన మీద మండే మంట మీదికి ఈ ప్రశ్న నూనెలా పడేది.

చదవడం, పేజీకి తగ్గ పేలిక వెతకడం, పల్చటి టిష్యూ కాగితం సన్నగా చింపి, జిగురు పలచన చేసి, కోసిన అంచుకి పేలికని వెనకనుంచి అతకడం. గురువారం, శుక్రవారం అదే పని. రిజిస్టర్ల కోసం స్కూలువాళ్ళొస్తే ఒంట్లో బాగాలేదన్నాడు. భార్య మధ్యాహ్నాలు వచ్చి, "ఏమిటంత పని, తలుపేసుకుని?" అంటే, "నీ పుస్తకమే," అన్నాడు. ఆ మాటలో అబద్ధం లేదు.

శుక్రవారం సాయంత్రానికి ఒక పేజీ దగ్గరికొచ్చాడు. ఉత్తరాల కుర్రాడు పెద్ద ఉపన్యాసమిచ్చి ఊరు విడిచిపోయాడు. యజమాని కూతురు వాడి వెంట వెళ్ళాలని తన చిన్న పడవ బయటికి తీయబోతుంది. ఎప్పటినుంచో దానికి చిల్లుంది, ఇప్పుడూ ఉండాలి. లేదు. ఎవరో పూడ్చేశారు. ఎవరని రచయిత చెప్పడు. మేస్త్రి తన మానాన తను తారు కాచుకుంటుంటాడు. బైండరు ఆ పేజీ రెండుసార్లు చదివాడు. ఆ పేజీకి సరిపోయే పేలిక ఒక్కటే మిగిలింది, ఆకుపచ్చది.

'ఈసారి ఇక్కడే ఆగిపోయాను. లేచి దుకాణంలోకి వెళ్ళి చూశాను. ఏదో కుట్టుకుంటున్నారు. ఏమీ అనకుండా వచ్చేశాను.'

ఏ రోజు? ఏం కుడుతున్నాడప్పుడు? ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. వెనక్కి తిరిగి చూసి ఉంటే గుమ్మంలో ఆమె కనబడేది. తిరగలేదు. ఆ పేలికని అతకలేదు. మడవకుండా చొక్కా జేబులో పెట్టుకున్నాడు. దాని స్థానంలో కొత్త తెల్లకాగితం అంతే వెడల్పున కోసి అతికించాడు.

శనివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక పుస్తకం తెచ్చి ఆమె ముందు పెట్టాడు. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

"నేనే కోశాను," అన్నాడు. "చెయ్యి జారి కాదు. కావాలనే."

ఆమె పుస్తకం తెరిచింది. పేజీ పేజీకీ అతుకు. అక్కడక్కడా జిగురు మరక. వేలితో అతుకుల మీద రాస్తూ ఒక్కొక్క పేజీ తిప్పుతోంది. ఆమె అరిచి ఉంటే బాగుండుననుకున్నాడు.

"ఎందుకు?" అంది చివరికి.

"ఆ మఫ్లరు రాతలున్నాయని."

"మాస్టారి..." ఆమె నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచింది. "ముప్ఫై ఏళ్ళనాటి పెన్సిలు రాతలకా?"

"నువ్వు కొయ్యొద్దన్నది వాటి కోసమే కదా! అప్పుడు. నేనేమో నా..." అని ఆగిపోయాడు.

"వాటి కోసమే," అందామె. అబద్ధమాడలేదు. "అప్పుడు వాటి కోసమే. ఆయన ఏమనుకున్నారో నాకు తెలియదు, నాకు మాత్రం 'మీకేమనిపించింది' అని నన్నడిగిన మొదటి మనిషి ఆయన. మొన్న చెప్పింది మాత్రం నావాటి కోసం. మీరెలాగూ చదవరు కదా అని ధైర్యంగా ఇచ్చాను." ఒక అతుకుని గోటితో నొక్కింది. "మళ్ళీ చదివినప్పుడల్లా రాసుకున్నానండీ. నా రాతల్ని కూడా చెత్తలో పారేశారా?"

బైండరు తల ఎత్తలేకపోయాడు. "ఏరాను," అన్నాడు. "అన్నీ."

ఆమె ఇంకా పేజీలు తిప్పింది. ఒకచోట ఆగింది. ఆకుపచ్చ సిరా ఉండాల్సిన చోట తెల్లకాగితం.

"ఇదెక్కడ?"

"దొరకలేదు."

"జేబులోంచి తొంగి చూస్తోంది, తియ్యండి."

తేలు కుట్టిన దొంగలా తీశాడు. ఇవ్వలేదు. గుప్పిట్లో పెట్టుకున్నాడు. "ఇది నాది. రేపు సభలో ఆ మఫ్లరు ఈ పుస్తకం తిరగేస్తాడు. ఆయన రాతల పక్కన ఇదుండటానికి వీల్లేదు. ఆయన చదవడానికి వీల్లేదు."

ఆమెకి నవ్వు రాబోయింది కాని, రానివ్వలేదు. కోపం కూడా అంతే నిజంగా ఉంది. అతన్నీ పుస్తకాన్నీ మార్చి మార్చి చూసింది.

"ఏ పేలిక ఎక్కడిదో ఎలా తెలిసింది మీకు?"

"చదివాను."

"మొత్తమా?"

"మొత్తం."

ఆమె కుర్చీలో వెనక్కి వాలింది. అతనితో ఎన్నడూ వాడని గొంతుతో అడిగింది.

"ఏమనిపించింది?"

ఇన్నేళ్ళూ బైండరు ఆమెని అడగని మాట అదే. మేస్త్రి గురించి చెబుదామనుకుంటే నోట మాట రాలేదు. ఆమె హ్యాండుబ్యాగులోంచి పెన్ను తీసి, మూత విప్పి, తెల్లకాగితం అతికించిన పేజీ అతని వైపు తిప్పింది.

"మాట రాకపోతే రాయండి. రేపు అందరి ముందూ ఇదే చదువుతాను."

బైండరు కూర్చున్నాడు. పుస్తకాల వీపుల మీద పేర్లద్దడం తప్ప పుస్తకం లోపల ఎన్నడూ ఏదీ రాసినవాడు కాదు. పెన్ను పట్టుకుని చెమటలు కక్కాడు. తరవాత ఒక్కొక్క అక్షరమే, అట్టమీద అద్దినంత జాగ్రత్తగా రాశాడు.

'పుస్తకం బాగుంది. అందరూ చదవండి. పెన్సిలు రాతలు బాగాలేవు.'